ఇసుక ఈగ మీద నేరం రుజువు కావడానికి 36 ఏళ్ళు

దోమలో మూడో వంతు ఉంటుంది. పొడవు మహా అయితే 2-3 మిల్లీమీటర్లు. ఒళ్ళంతా నూగు. వాలినప్పుడు కూడా రెక్కలు ముడుచుకోకుండా ఇంగ్లీషు 'వి' అక్షరంలా పైకెత్తి పెట్టుకుంటుంది. దోమలా చెవి దగ్గర సంగీతం పాడదు. సరిగ్గా ఎగరను కూడా ఎగరలేదు, గోడ మీద చిన్న చిన్న గెంతులు వేస్తూ పోతుంది. దీన్నే ఇంగ్లీషులో శాండ్‌ఫ్లై అంటారు, మన పేపర్లవాళ్ళు ఇసుక ఈగ అని రాస్తారు. పేరులో ఇసుక ఉంది కదా అని దానికి ఇసుకతో పెద్ద పనేం లేదు, ఒంటి రంగుని బట్టి వచ్చిన పేరు. గుడ్లు నీళ్ళలో పెట్టదు. గోడ బీటలు, పశువుల కొట్టంలో తడి మట్టి, ఎలుక కలుగులు, ఇవీ దాని పుట్టిళ్ళు. కాబట్టి గుంటల్లో నీళ్ళు పారబోస్తే దోమ తగ్గుతుందేమో గానీ ఇది తగ్గదు.

చర్మం మీద నెలల తరబడి మానని పుండు పెట్టే లీష్మేనియాసిస్ అనే జబ్బుకి ఈ పురుగే కారణమేమో అన్న అనుమానం 1905లో మొదలైంది. ఇది కుట్టడం వల్లే జబ్బు వస్తోందని రుజువైంది 1941లో. మధ్యలో 36 ఏళ్ళు! మైక్రోస్కోపులు లేక కాదు, తెలివైనవాళ్ళు లేకా కాదు. మరెందుకు అంత కాలం పట్టింది? ప్రొడక్షన్లో ఏదైనా పడిపోగానే, లాగ్‌లో మొదట కనిపించిన పేరు పట్టుకుని "వీడే దొంగ" అని మెయిల్ కొట్టేసే మనలాంటి వాళ్ళకి బాగా పనికొచ్చే కథ ఇది. అందుకే ఈ టపా.

ఊరికో పేరు

ముందు జబ్బు సంగతి. కుట్టిన చోట కొన్ని వారాల తర్వాత చిన్న మొటిమలాంటిది లేస్తుంది. అది పెరిగి పుండవుతుంది. పెద్దగా నొప్పి ఉండదు, కానీ మానదు. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఏడాది, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. చివరికి దానంతటదే మాని గుంట పడ్డ మచ్చ ఒకటి మిగుల్చుతుంది. ప్రాణం తియ్యదు. కానీ ఇసుక ఈగ కుట్టేది బట్ట కప్పని చోట, అంటే మొహం, చేతులు, కాళ్ళు. పెళ్ళి కావాల్సిన ఆడపిల్ల బుగ్గ మీద రూపాయి బిళ్ళంత మచ్చ పడితే "ప్రాణానికేం ఫరవాలేదు" అన్న మాట ఎంత ఓదార్పునిస్తుందో మీరే ఆలోచించండి.

తమాషా ఏమిటంటే ప్రతి ఊరూ ఈ జబ్బు తన సొంతం అనుకుంది. అలెప్పోలో అలెప్పో కురుపు, బాగ్దాదులో బాగ్దాద్ కురుపు, అల్జీరియాలోని బిస్క్రాలో బిస్క్రా కురుపు, మన దగ్గర ఢిల్లీ కురుపు. ఢిల్లీలో దీన్ని ఔరంగజేబు పేరు పెట్టి కూడా పిలిచేవాళ్ళు. ఇరాన్‌లో 'సాలక్' అంటారు, అంటే ఏడాది పుండు. అలెప్పోలో వైద్యం చేసిన అలెగ్జాండర్ రస్సెల్ అనే డాక్టరు 1756లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని వివరంగా రాశాడు.

జనానికి ఇంకో విషయం కూడా తెలుసు. ఈ పుండు ఒకసారి వచ్చి మానితే మామూలుగా మళ్ళీ రాదు. అందుకని పశ్చిమాసియాలో కొన్ని చోట్ల తల్లులే పిల్లలకి బట్టల చాటున ఉండే చోట ఎవరిదో పుండులోని రసి అంటించేవాళ్ళు. ఎలాగూ రాబోయేది మొహం మీద కాకుండా కనపడని చోట వచ్చి పోతే మంచిది కదా. పరాన్నజీవి పేరు తెలీదు, మోసుకొచ్చేదెవరో తెలీదు, అయినా టీకా మాత్రం కనిపెట్టేశారు.

ఈ పద్ధతినే ఇరవయ్యో శతాబ్దంలో ల్యాబుల్లో పెంచిన పరాన్నజీవితో సోవియట్ యూనియన్, ఇజ్రాయెల్, ఇరాన్ పెద్ద ఎత్తున వాడాయి. ఇరాక్‌తో యుద్ధం నడిచిన 1980లలో ఇరాన్ సుమారు 20 లక్షల మందికి ఇలా వేసింది. కొందరికి ఆ పుండు ఎంతకీ మానకపోవడంతో తర్వాత పక్కన పెట్టారు.

వేలిముద్రలు దొరికాయి

1885లో కలకత్తాలో డేవిడ్ డగ్లస్ కనింగ్‌హామ్ అనే ఆయన ఢిల్లీ కురుపు ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి లోపల వింత ఆకారాలు చూశాడు. చూశాడు గానీ అవేమిటో సరిగ్గా పోల్చుకోలేదు. 1898లో తాష్కెంట్‌లో ప్యోటర్ బొరోవ్‌స్కీ అనే రష్యన్ మిలటరీ సర్జన్ సరిగ్గానే పోల్చాడు, ఇది ఏకకణ జీవి అని రాశాడు. కాకపోతే రాసింది రష్యన్‌లో, ఓ సైనిక వైద్య పత్రికలో. బయటి ప్రపంచం దాన్ని పట్టించుకునేసరికి 1938 అయింది! మంచి పని చేసి, ఎవరూ తెరవని ఫోల్డర్లో డాక్యుమెంట్ పెట్టినట్టు అన్నమాట :-)

ఇక 1903లో అందరూ ఒక్కసారే వచ్చి పడ్డారు. కలకత్తా దగ్గర డమ్‌డమ్‌లో పనిచేసి వచ్చి, జ్వరంతో చనిపోయిన ఓ సైనికుడి ప్లీహంలో తాను 1900లో చూసిన గుండ్రటి కణాల గురించి విలియం లీష్మన్ 1903 మే నెలలో ప్రకటించాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఉన్న చార్లెస్ డోనవన్ విడిగా అవే కణాలు చూసి జూలైలో ప్రకటించాడు. వీళ్ళిద్దరూ చూసింది కాలా అజార్ అనే ప్రాణాంతకమైన జబ్బుని, అంటే ప్లీహం, కాలేయం ఉబ్బి మనిషిని కుంగదీసేదాన్ని. అదే ఏడాది బోస్టన్‌లో జేమ్స్ హోమర్ రైట్ ఓ ఆర్మేనియన్ పాప చర్మం మీద పుండులో దాదాపు అలాంటి కణాలనే చూశాడు. అంటే చర్మం మీద పుండు, కడుపులో కాలా అజార్, రెండూ దగ్గరి చుట్టాలే.

ఈ జీవి ఎవరిదన్న పేచీ వస్తే 'లీష్మేనియా డోనవనీ' అని ఇద్దరి పేర్లూ కలిపి తీర్పు చెప్పింది ఎవరో తెలుసా? రొనాల్డ్ రాస్. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని చూసిన ఆ రాసే.

సికింద్రాబాదు ప్రస్తావన ఊరికే తీసుకురాలేదు. రాస్ చేసిన పని తర్వాత ప్రపంచంలో ఏ జబ్బు చూసినా "దీన్ని మోసే పురుగేది?" అని అడగడం మొదలైంది. లీష్మేనియా విషయంలో కూడా అదే ప్రశ్న. కానీ రాస్‌కి దొరికినంత సులువుగా ఇక్కడ జవాబు దొరకలేదు.

నల్లి మీద కేసు

1904లో లియొనార్డ్ రోజర్స్ కలకత్తాలో ఓ సంగతి గమనించాడు. రోగి ఒంట్లోంచి తీసిన గుండ్రటి కణాలని ఒంటి వేడి కన్నా చల్లగా ఉంచితే అవి పొడుగ్గా మారి, కొరడాలాంటి తోక మొలిపించుకుని ఈదుతున్నాయి. అంటే మనిషి బయట, చల్లటి ఒంట్లో ఇంకో బతుకు ఉందన్నమాట. చల్లటి ఒళ్ళంటే పురుగే.

ఏ పురుగు? రోగి ఇంట్లో, రోగి మంచంలో, రాత్రిపూట రక్తం తాగే పురుగు. మీరైనా నేనైనా ముందు నల్లినే అనుమానిస్తాం. మద్రాసులో డబ్ల్యూ. ఎస్. పాటన్ అనే ఆయన 1907 నుంచి కొన్నేళ్ళపాటు నల్లి మీదే పరిశోధన చేశాడు. రోగుల రక్తం తాగించిన నల్లుల కడుపులో తోకలున్న కణాలు కనిపించాయి కూడా! ఇంకేం కావాలి?

కావాలి. చల్లటి రక్తం ఉన్న గాజు గొట్టంలోనే మారిపోయే జీవి నల్లి కడుపులో మారడంలో వింతేముంది? నల్లి కడుపు ఇక్కడ గాజు గొట్టంలాంటిదే. లోపల పెరగడం వేరు, బయటికొచ్చి ఇంకో మనిషిలో దూరడం వేరు. కానీ ఈ తేడా తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. నల్లి వల్ల ఒక్క మనిషికి కూడా జబ్బు వచ్చినట్టు ఎవరూ చూపించలేకపోయారు.

ఇక్కడే ఇంకో చిత్రం. 1890ల చివర్లో అస్సాం తేయాకు తోటల్లో కాలా అజార్ కూలీల ఇళ్ళ వరసలని ఊడ్చేస్తుంటే రోజర్స్ ఓ సలహా ఇచ్చాడు. జబ్బు పట్టిన ఇళ్ళు వదిలేసి, కొన్ని వందల గజాల దూరంలో కొత్త వరసలు కట్టండి, రోగులున్న కుటుంబాలని అక్కడికి తేవద్దు అని. అది పనిచేసింది! అప్పటికి పరాన్నజీవే తెలీదు, ఇసుక ఈగ సంగతి అసలే తెలీదు. ఎందుకు పనిచేసిందో ఇప్పుడు తెలుసు, ఇసుక ఈగ దూరం ఎగరలేదు. రూట్ కాజ్ తెలియకుండానే వర్కెరౌండ్ కుదిరింది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ పనికొస్తుంది.

బిస్క్రా నుంచి అల్జీర్స్‌కి ఓ పార్సెల్

అల్జీరియాలో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్ నడిపిన ఎడ్మండ్, ఎటియెన్ సెర్జాన్ అనే అన్నదమ్ములు 1905లోనే ఇసుక ఈగని అనుమానించారు. అనుమానాన్ని పరీక్ష దాకా తీసుకెళ్ళింది మాత్రం 1921లో. ఆ పరీక్ష ఎంత శుభ్రంగా ఉందో చూడండి.

జబ్బున్న ఊరు బిస్క్రా, సహారా అంచున ఉంటుంది. జబ్బు లేని ఊరు అల్జీర్స్, సముద్రం ఒడ్డున వందల కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. బిస్క్రాలోనే ఈగని మనిషి మీద వదిలితే పుండు ఈ ఈగ వల్ల వచ్చిందో, నిన్న రాత్రి కుట్టిన ఇంకోదాని వల్ల వచ్చిందో ఎవరు చెప్పగలరు? అందుకని బిస్క్రాలో ఇసుక ఈగలు పట్టి అల్జీర్స్‌కి తెప్పించారు. అక్కడ వాటిని నలిపి, వాలంటీర్ల చర్మం మీద గీరి ఆ రసం అంటించారు. పుండు లేచింది, అందులో లీష్మేనియా కనపడింది. టెస్ట్ ఎన్విరాన్‌మెంట్‌ని ప్రొడక్షన్ నుంచి విడదీయడమంటే ఇదే. ఆ ఈగ జాతి పేరు ఫ్లెబోటోమస్ పాపటాసీ.

కేసు గెలిచినట్టేనా? ఇంకా కాదు. ఈగలో ప్రాణమున్న పరాన్నజీవి ఉందని రుజువైంది. కానీ ప్రకృతిలో ఎవరూ ఈగని నలిపి పుండు మీద రాసుకోరు కదా. అది కుడుతుంది. కుడితే వస్తుందా? ఆ ప్రశ్న అలాగే మిగిలిపోయింది.

మన దేశంలో మరో దారి పట్టినాయన జాన్ సింటన్. ఈయన మామూలు మనిషి కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో తుపాకీ కాల్పుల మధ్య గాయపడ్డవాళ్ళకి వైద్యం చేసి విక్టోరియా క్రాస్ తెచ్చుకున్న డాక్టరు. తర్వాత రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. ఆ రెండూ ఉన్న మనిషి చరిత్రలో ఈయనొక్కడే. 1920లలో ఈయన దేశంలో ఏ జాతి ఇసుక ఈగ ఎక్కడుందో లెక్క తీసి, జబ్బుల మ్యాపు పక్కన పెట్టి చూశాడు. కాలా అజార్ ఉన్న చోట ఫ్లెబోటోమస్ అర్జెంటిపెస్, చర్మం మీద పుండు ఉన్న చోట ఫ్లెబోటోమస్ సెర్జెంటి. అప్పటిదాకా "ఇసుక ఈగ" అని ఒకే మాట అనేవాళ్ళు. ఇప్పుడు ఏ ఇసుక ఈగ అన్న ప్రశ్న మొదలైంది. 1924లో కలకత్తాలో నోల్స్, నేపియర్, స్మిత్ అనే ముగ్గురు రోగుల రక్తం తాగించిన అర్జెంటిపెస్‌లో తోకలున్న కణాలు పెరగడం చూశారు. ఆ తర్వాత అస్సాంలో ఓ కమిషన్ ఏళ్ళ తరబడి ఈగలతో మనుషులని కుట్టించి చూసింది. ఫలితం రాలేదు.

ఎండుద్రాక్ష, ఉప్పు

ఎందుకు రాలేదో చూద్దాం. ఆడ ఇసుక ఈగ ఒకసారి రక్తం తాగుతుంది. ఓ వారంలో గుడ్లు పెడుతుంది. ల్యాబ్‌లో అయితే చాలావరకు గుడ్లు పెట్టగానే చచ్చిపోతాయి. పరాన్నజీవి కడుపులో పెరిగి నోటి దాకా రావడానికి కూడా సుమారు వారం కావాలి. రెండోసారి కుట్టేదాకా ఈగ బతకాలి, అప్పటికి సరుకు సిద్ధంగా ఉండాలి. బతికున్న కాసిన్ని ఈగలకి మళ్ళీ మళ్ళీ రక్తమే పెట్టారు. రక్తం తాగే పురుగు కదా మరి!

1940లో స్మిత్, హల్దర్, అహ్మద్ అనే పరిశోధకులు ఒక్క చిన్న మార్పు చేశారు. మొదటిసారి రోగి రక్తం తాగాక, ఆ తర్వాత ఈగలకి రక్తం బదులు ఎండుద్రాక్ష పెట్టారు. అంతే. ఈగల కడుపు నిండా, గొంతు దాకా పరాన్నజీవులు కిక్కిరిసిపోయాయి. ఆలోచిస్తే ఆశ్చర్యమేం లేదు. ప్రకృతిలో ఇసుక ఈగకి రోజువారీ తిండి చెట్ల తీపి రసమే, రక్తం గుడ్ల కోసం మాత్రమే. ల్యాబ్‌లోవాళ్ళు మాత్రం పురుగు గురించి తమకి తెలిసిన ఒక్క ముక్కనే పట్టుకుని దాన్ని పస్తు పెట్టారు.

అదే సమయంలో జెరూసలెంలో హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ సాల్ ఆడ్లర్ చర్మం పుండు మీద పనిచేస్తున్నాడు. 1920ల మధ్యలోనే ఆయన, ఆస్కర్ థియోడోర్ కలిసి ఈగలోంచి తీసిన పరాన్నజీవితో మనుషుల్లో పుండు తెప్పించారు, కానీ కుట్టించి తెప్పించలేకపోయారు. మధ్యలో ఓ పిట్టకథ చెప్పాలి. పరీక్షలకి సులువుగా పిల్లలు పెట్టే జంతువు కావాలని ఆడ్లర్ అడిగితే, 1930లో ఇజ్రాయెల్ అహరోనీ అనే జంతుశాస్త్రజ్ఞుడు సిరియా వెళ్ళి ఓ తల్లినీ పిల్లల్నీ తవ్వి తెచ్చాడు. ఇవాళ ప్రపంచమంతా పిల్లలు పంజరంలో పెంచుకునే బంగారు రంగు హ్యామ్‌స్టర్లు దాదాపు అన్నీ ఆ ఒక్క కుటుంబం సంతతే. తవ్వింది ఎక్కడంటారా? అలెప్పో దగ్గర. అలెప్పో కురుపు ఊళ్ళోనే!

సరే, అసలు విషయానికొద్దాం. ఆడ్లర్, బెర్ అనే ఇద్దరూ ఈగలకి పరాన్నజీవిని తాగించే ద్రవంలో ఉప్పు పాళ్ళు పెంచి, 2.7 శాతం దాకా తీసుకెళ్ళి చూశారు. ఆ ఈగలు వాలంటీర్లని కుట్టాయి. కుట్టిన చోట పుండ్లు లేచాయి. 1941. ఫ్లెబోటోమస్ పాపటాసీ కుడితే చర్మ లీష్మేనియాసిస్ వస్తుందని మొదటిసారి రుజువైంది. మరుసటి ఏడాది, 1942లో, ఎండుద్రాక్ష పద్ధతితో అస్సాంలో స్వామినాథ్, షార్ట్, ఆండర్సన్ కాలా అజార్‌కి కూడా అదే రుజువు చేశారు. పరిశోధకుల వరసలో మొదటి పేరు మనవాడిది.

అసలు లోపల ఏం జరుగుతోందో తర్వాతెప్పుడో తెలిసింది. ఈగ కడుపులో పెరిగే కణాలన్నీ మనిషికి అంటుకోవు, వాటిలో కొన్ని మాత్రమే ఆఖరి దశకి వచ్చి "సిద్ధం" అవుతాయని 1984లో శాక్స్, పెర్కిన్స్ చూపించారు. 1988లో టైటస్, రిబేరో ఈగ ఉమ్ముకి కూడా ఇందులో వాటా ఉందన్నారు, ఆ ఉమ్ము కలిస్తే పరాన్నజీవి చర్మంలో ఇంకా తేలిగ్గా పాతుకుంటుంది. పరాన్నజీవి ఈగ గొంతులో జిగురులాంటి పదార్థం నింపి దారి మూసేస్తుందని 2000ల్లో తేలింది. గొంతు అడ్డుపడ్డ ఈగ రక్తం సరిగ్గా పీల్చలేక, జిగురుతో సహా పరాన్నజీవుల్ని కక్కి, మళ్ళీ మళ్ళీ కుడుతుంది. అంటే సిరంజి అనుకున్నది సిరంజి కాదు. పరాన్నజీవి తన ప్రయాణానికి అనుకూలంగా ఈగని మార్చుకుంటోంది.

ఏ ఈగ అన్నదే అసలు ప్రశ్న

ప్రపంచంలో ఇసుక ఈగ జాతులు సుమారు వెయ్యి ఉన్నాయి. లీష్మేనియాని మోసేవి 90కి పైగా. "ఇసుక ఈగ వల్ల వస్తుంది" అంటే సగం జవాబే. మిగతా సగం తెలియకపోతే ఏమవుతుందో రెండు ఊళ్ళ సంగతి చూస్తే అర్థమవుతుంది.

1941లోనే తుర్క్‌మెనిస్తాన్‌లో లతిషెవ్, క్రుకోవా అనే సోవియట్ పరిశోధకులు ఎడారి పల్లెల పుండుకి మూలం మనుషుల్లో కాదు, జెర్బిల్ అనే ఎడారి ఎలుకల్లో ఉందని చూపించారు. ఎలుక కలుగులోనే పాపటాసీ కాపురం, ఎలుక నుంచి ఎలుకకి జబ్బు తిరుగుతూ ఉంటుంది. మనిషి పొరపాటున ఆ దారిలో అడ్డం వస్తాడు. ఈ పరాన్నజీవి పేరు లీష్మేనియా మేజర్. ఇక్కడ మందేమిటంటే ఊరి చుట్టూ కలుగులని లోతుగా దున్నెయ్యడం, ఎలుకలకి విషపు గింజలు పెట్టడం. సోవియట్ వాళ్ళు అదే చేశారు, ఫలించింది.

ఇప్పుడు కాబూల్ వెళ్దాం. అక్కడ కూడా చర్మం మీద పుండే, అక్కడ కూడా ఇసుక ఈగే. కానీ పరాన్నజీవి లీష్మేనియా ట్రోపికా, మోసేది ఫ్లెబోటోమస్ సెర్జెంటి. ఎలుకతో సంబంధం లేదు, మనిషి నుంచి మనిషికే. మన రాజస్థాన్ బికనీర్‌లో ఉన్నదీ ఇదే. కాబూల్లో ఎన్ని ఎలుకల్ని చంపినా ఉపయోగం సున్నా. అక్కడ కావాల్సింది రోగికి త్వరగా వైద్యం, పడుకునే చోట మందు పట్టించిన దోమతెర. మామూలు దోమతెర సందుల్లోంచి ఇసుక ఈగ దూరిపోగలదు, అందుకే మందు తప్పనిసరి. 1990ల చివర్లో కాబూల్లో జరిపిన పరీక్షలో మందు పట్టించిన తెరలే కాదు, ఆడవాళ్ళు కప్పుకునే చాదర్‌కి అదే మందు పట్టించినా జబ్బు బాగా తగ్గింది.

ఇంకో విడ్డూరం. 1941లో ఆడ్లర్, బెర్ తమ పేపర్లో పరాన్నజీవి పేరు లీష్మేనియా ట్రోపికా అని రాశారు. అప్పట్లో అన్నిటినీ అదే పేరుతో పిలిచేవాళ్ళు. ఇప్పటి లెక్కలో అది మేజర్. పాపటాసీ కడుపులో మేజర్ ఒక్కటే నిలదొక్కుకోగలదు, ఈగ పేగు గోడ మీద ఉండే ఓ ప్రోటీన్ మేజర్ పైపొరకి మాత్రమే సరిగ్గా అతుక్కుంటుందని 2004లో తేలింది. మిగతావి జీర్ణమైన రక్తంతో పాటు బయటికి కొట్టుకుపోతాయి. అదే అర్జెంటిపెస్ అయితే చాలా రకాలని రానిస్తుంది. ఇంటర్‌ఫేస్ కుదిరితేనే కనెక్షన్. ఊరి పేర్లతో పిలిచిన ఒకే కురుపు నిజానికి రెండు మూడు వేర్వేరు జబ్బులని, వేర్వేరు ఈగలవని, వేర్వేరు మందులు కావాలని తెలుసుకోవడానికి ఇంత చరిత్ర నడిచింది.

తెలుసుకున్నాక పోయిందా మరి? లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో ఇప్పటికీ ఏడాదికి 6 లక్షల నుంచి 10 లక్షల మందికి కొత్తగా చర్మ లీష్మేనియాసిస్ వస్తోంది. 2003లో ఇరాక్ వెళ్ళిన అమెరికన్ సైనికుల్లో వందల మంది బాగ్దాద్ కురుపుతో ఇంటికొచ్చారు. 2011 తర్వాత సిరియా యుద్ధంలో అలెప్పో కురుపు మళ్ళీ విజృంభించి శరణార్థులతో పాటు పక్క దేశాలకి వెళ్ళింది. మన దేశంలో 1950ల నుంచి మలేరియా కోసం ఇళ్ళకి డీడీటీ కొడితే, ఎవరూ గురిపెట్టని ఇసుక ఈగ కూడా చచ్చి కాలా అజార్ దాదాపు మాయమైంది. మలేరియా తగ్గిందని డీడీటీ ఆపారు. 1977 నాటికి బీహార్‌లో కాలా అజార్ పెద్ద ఎత్తున తిరిగొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. సెర్జాన్, ఆడ్లర్, షార్ట్ పేర్లు మనకి మిగిలాయి. చెయ్యి చాపి ఈగతో కుట్టించుకున్నవాళ్ళ పేర్లు మిగల్లేదు. చర్మం పుండు దానంతటదే మానేది, కాలా అజార్‌కి ఉపేంద్రనాథ్ బ్రహ్మచారి కలకత్తాలో కనిపెట్టిన యూరియా స్టిబమైన్ అప్పటికే ఉంది. అయినా కూడా అది చిన్న త్యాగం కాదు. ఎంత తెలిసి ఒప్పుకున్నారు అన్నది ఇవాళ ఎవరైనా అడగాల్సిన ప్రశ్నే.

కరీంనగర్‌లో ఇదే ప్రశ్న

ఇదంతా ఎక్కడో ఎడారి సంగతి అనుకుంటే, 2003 గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది జూన్ నుంచి ఆగస్టు దాకా అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకి మెదడువాపు వచ్చింది. 183 మంది చనిపోయారు. చాలామంది జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల్లోనే. పుణేలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వైరాలజీ దీనికి చండీపురా వైరస్ కారణమంది. 1965లో మహారాష్ట్రలోని చండీపురా ఊళ్ళో మొదట దొరికిన వైరస్ అది. లీష్మేనియాతో దానికి ఏ చుట్టరికమూ లేదు. కానీ మోసేదిగా అనుమానం ఎవరి మీదో ఊహించగలరు. అదే ఇసుక ఈగ. కరీంనగర్ జిల్లాలో పట్టిన సెర్జెంటోమియా అనే రకం ఇసుక ఈగల్లో ఈ వైరస్ ఆనవాళ్ళు దొరికాయని 2005లో ప్రచురించారు.

ఇప్పుడు పైన చెప్పుకున్న మెట్లన్నీ ఒకసారి వరసగా పెట్టండి. జబ్బున్న చోట పురుగుందా? ఉంది. పురుగులో క్రిమి ఉందా? ఉంది. పురుగు లోపల క్రిమి బతికి పెరుగుతుందా? ల్యాబ్ పరీక్షల్లో పెరిగింది. ఇక చివరిది, అది కుడితే మనిషికి వస్తుందా? ఈ మెట్టు 1941లో ఎక్కినట్టు ఇప్పుడు ఎక్కలేం. పుండంటే మానుతుంది. రెండ్రోజుల్లో ప్రాణం తీసే, ప్రత్యేకించి మందు గానీ టీకా గానీ లేని జబ్బుని ఎవరి చేతి మీదా పరీక్షించకూడదు. 2024లో గుజరాత్‌లో చండీపురా మళ్ళీ వచ్చి పిల్లల్ని తీసుకుపోయినప్పుడు కూడా పరిస్థితి ఇదే.

ఇక్కడే రోజర్స్ తేయాకు తోటలు గుర్తు తెచ్చుకోమంటాను. ఆయన చేతిలో రుజువు లేదు, పురుగు పేరు కూడా లేదు. జబ్బు ఇంటిని అంటిపెట్టుకుని ఉందన్న ఒక్క గమనిక మీద ఇళ్ళు మార్పించాడు, మనుషులు బతికారు. మన చేతిలో అంతకంటే చాలా ఎక్కువే ఉంది. మట్టి గోడల బీటలు పూడ్చడం, పశువుల కొట్టం పడుకునే చోటికి దూరంగా ఉంచడం, వానలు మొదలవ్వక ముందే గోడలకి ఆరడుగుల ఎత్తు దాకా మందు కొట్టడం, దీనికి నాలుగో మెట్టు అక్కర్లేదు. ఏ జాతి ఈగ, ఏ ఊళ్ళో, ఏ నెలలో అని సింటన్‌లా మ్యాపు గీయడానికి మాత్రం ఓపిగ్గా ఈగల్ని పట్టి, లెక్కపెట్టి, రాసుకునే మనుషులు కావాలి. ఆ పని జబ్బు వచ్చిన రెండు నెలలూ చేసి ఆపేసేది కాదు. డీడీటీ ఆపేశాక బీహార్‌లో ఏమైందో చూశాం కదా.